ఎర్రకొంగల పుట్టిల్లు

ఆ, చెంగమ్మవ్వ కథేనా? మీ నాయనమ్మ చెప్పినంత బాగా నాకు రాదు గానీ, విను.

రాజ్యం పేరు గుర్తులేదు. ఊరు మాత్రం కొంగలమిట్ట. ఊరినిండా చింతచెట్లు, చెట్లనిండా ఎర్రకొంగల గూళ్ళు. ఏటా వచ్చి గుడ్లు పెట్టేవి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలనేవాళ్ళు వాటిని. అవి ఉన్నన్నాళ్ళూ, పెళ్ళయినా సరే, ఊళ్ళో డప్పు మోగేది కాదు.

ఆ రాజుకి ఉద్యానవనాల పిచ్చి, ఈ చింతచెట్ల మీద కన్నుపడింది. డప్పులతో, బాకాలతో మందినేసుకుని దిగాడు. పక్కన బావమరిది భూపతిరాయుడు, మంత్రి కూడా ఆయనే. తలపాగా బండిచక్రమంత.

"పక్షుల రక్షణ కోసం ఈ నేల మేం తీసుకుంటున్నాం," అన్నాడు మంత్రి. "మనుషులుంటే అవి బెదురుతాయి. తెల్లారేసరికి ఊరు ఖాళీ చెయ్యాలి."

ఊరంతా గొల్లుమంది. చెంగమ్మవ్వ పుట్టిందీ ఇక్కడే, మొగుణ్ణి మట్టిచేసిందీ ఇక్కడే. ఇంకెక్కడికని పోతుంది? అయినా పైకి నవ్వుతానే ముందుకొచ్చింది.

"మరి మా ఆడబిడ్డల్ని ఎవరు చూస్తారు దొరా?"

రాజు మీసం దువ్వాడు. "రాజంటే సకల జీవులకీ తండ్రి. మేమే చూస్తాం."

"అబ్బ, ఎంత చల్లని మాటన్నావు నాయనా! ఇంక మాకేం దిగుల్లేదు, మూటలు కట్టుకుంటాం. పుట్టింటి పనులు నీకు అప్పజెప్పి పోతా. ముందు ఆ డప్పులాపించు. పురిటింట్లో డప్పులేంటి?"

డప్పులాగాయి. బిరుదులు చదివేవాడు "రాజాధిరాజ..." అని ఎత్తుకున్నాడు.

"ఉష్! బిడ్డలు పడుకున్నారు," అంది అవ్వ. వాడి నోరూ మూతబడింది.

ఇంతలో పైనుంచి మంత్రి తలపాగా మీద టప్పున పడింది. తెల్లగా.

"పసిబిడ్డలు నాయనా. పెద్దోళ్ళం, మనమే ఓర్చుకోవాలి."

అంతలోనే గూట్లోంచి ఓ కొంగపిల్ల జారి కిందపడింది. ఊళ్ళోవాళ్ళు ఎత్తబోతే, ఉండండన్నట్టు అవ్వ కన్నుగీటింది.

"గద్ద చూడకముందే గూట్లో పెట్టాలి. ఎక్కు నాయనా."

"మేమా? చెట్టా?"

"తండ్రినన్నావుగా. పోనీ, మేనమామని పంపు."

అందరి ముందూ అన్నమాట, ఎట్టా మింగుతాడు? బావమరిది వైపు చూశాడు. పాపం, ఆయన పంచె ఎగ్గట్టి, పిల్లని తలపాగాలో మూటకట్టుకుని ఎక్కాడు. పిల్లయితే గూటికి చేరింది. ఆయనే కొమ్మ మీద ఇరుక్కుపోయాడు. తల్లికొంగ వచ్చి ఉత్తనెత్తి మీద టకటకా పొడుస్తుంటే, "బావోయ్!" అని కేకేశాడు.

"ఉష్! బిడ్డలు పడుకున్నారు!" అన్నాడు కిందనుంచి. ఎవరనుకున్నావ్? రాజే!

అనేసి, తనేమన్నాడో తనకే తెలిసొచ్చింది. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, పొట్ట అదిరేట్టు, కళ్ళనీళ్ళొచ్చేట్టు నవ్వాడు.

"అవ్వా, ఇట్టా రోజూ పడతాయా?"

"పడతానే ఉంటాయి. ఎవరో ఒకరం ఎక్కుతానే ఉంటాం."

"అమ్మో, ఈ చాకిరీ మావల్ల కాదు. బిడ్డలూ మీవాళ్ళే, ఊరూ మీదే. ఈ చెట్ల మీద గొడ్డలేస్తే మాత్రం ఊరుకోం." తన పట్టుశాలువా తీసి అవ్వకి కప్పాడు.

తెల్లారేసరికి ఊరు ఖాళీ అవ్వాలన్నారు కదా. తెల్లారేసరికి ఊళ్ళో లేనిది రాజూ, మంత్రీ, వాళ్ళ మందీ.