అప్రస్తుత ప్రసంగి లేని అవధానం

పరాంకుశం గారిని ఎవరేమడిగినా ముందు వక్కపొడి డబ్బా తీస్తారు. చిటికెడు నోట్లో వేసుకుని, అది నానేదాకా మాట్లాడరు. నానాక మాట్లాడినా, అడిగినదానికే మాట్లాడతారన్న పూచీ లేదు. ఒంగోల్లో నలభై ఏళ్లుగా అవధానాలు చేస్తున్న పెద్దమనిషి, పైగా నా స్నేహితుడు కనుక ఇంతకంటే ఎక్కువ చెప్పను.

ఆయన దగ్గర పద్యం నేర్చుకునేవాళ్లలో మస్తాన్‌బీ ఒకతె. పొద్దున ఎనిమిదింటి నుంచి ఒంటిగంట దాకా కాలేజీలో తెలుగు ఎమ్మే చదువుతుంది. రెండింటి నుంచి రాత్రి పదింటి దాకా బస్టాండులో విచారణ కౌంటరు వెనక కూర్చుంటుంది. రెండూ నిండు పనులే, ఏదీ సగానికి ఒప్పుకునేది కాదు. ఇవి చాలవన్నట్టు తెల్లవారుజామునే గురువు గారి వరండాలో హాజరు. ఒకరోజు ఆ పిల్ల పుస్తకం తెరవకుండా, సంచిలోంచి రెండు మడత కాగితాలు తీసి ఆయన ముందు పెట్టింది. ఒకటి ఉద్యోగానికి రాజీనామా. రెండోది చదువు మానేస్తున్నానని ప్రిన్సిపాలుకు అర్జీ.

కాఫీకని వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను కాబట్టి ఆమె గోడు నా చెవినా పడింది. కౌంటర్లో మనసులో పద్యం కట్టుకుంటుంటే సరిగ్గా మూడో పాదం దగ్గర ఎవరో వచ్చి అద్దంకి బస్సు అడుగుతారట. అలాంటివాళ్లు రోజుకు రెండు వందల మందట. పోనీ క్లాసులో కుదురుగా కూర్చుందామంటే చెవుల్లో ప్లాట్‌ఫారం నంబర్లు మోగుతాయట. గురువు గారిచ్చిన పద్యానికి నాలుగో పాదం వారమైనా దొరకలేదట. ఉద్యోగమేమో పరీక్ష రాసి సంపాదించుకున్నది, వదిలితే మళ్లీ రాదు. చదువేమో ప్రాణం. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడి సామెత వాళ్లమ్మ రోజూ అన్నంతో పాటు వడ్డిస్తోందట.

"ఈ రెండిట్లో ఏది ఇవ్వమంటారు గురువు గారూ? మీరు చెప్పింది సోమవారం ఇచ్చేస్తాను," అంది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

ఆయన డబ్బా తీశారు. వక్కపొడి నానింది. అప్పుడు ఆమె వైపు కాక నా వైపు తిరిగారు. "రాఘవులూ, ఈ ఆదివారం అవధానంలో నీకు పని లేదు. వెనక ఎక్కడో కూర్చో." ఆమెతో మాత్రం, గంట కొట్టే పని నువ్వు చెయ్యి, ఆ కాగితాలు అప్పటిదాకా నీ సంచిలోనే ఉండనీ, అన్నారు. అంతే. పాఠం అయిపోయింది.

నా పనేమిటో చెప్పాలి. అవధానంలో ఎనిమిదిమంది కూర్చుని అవధానిని ఎనిమిది రకాలుగా పరీక్షిస్తారు. పద్యాలు అడిగినవాళ్లకు ఆయన విడతకొక్క పాదం చొప్పున చెబుతూ నాలుగు విడతలు తిరిగి, చివర అన్నీ కాగితం లేకుండా ఒప్పగించాలి. నడుమ ఒకరు తోచినప్పుడల్లా గంట కొడతారు. మొత్తం ఎన్నిసార్లు కొట్టారో కూడా చివర ఆయనే చెప్పాలి. ఇంకొకడు పద్యం నడుస్తుండగా అడ్డుపడి, పనికిమాలిన ప్రశ్నలు వేసి ఆయన ధ్యాస చెడగొట్టాలి. వాణ్ణి అప్రస్తుత ప్రసంగి అంటారు. ఇరవై ఏళ్లుగా ఆ వెధవ పని నాది. బట్టల కొట్టు వాడిని, మాటలకు కరువు లేదు. అలాంటి నన్ను తీసేసి, నా కుర్చీ ఖాళీగా ఉంచి, ఈ పూట అడ్డుపడేవాళ్లెవరూ లేరని సభలో ప్రకటించారు. ఒళ్లు మండింది.

ఆదివారం మస్తాన్‌బీకి కౌంటరు సెలవు. బస్టాండు పక్క గ్రంథాలయం హాల్లో అవధానం మూడింటికి మొదలైంది. మొదటి రెండు విడతలు నూనె రాసినట్టు సాగిపోయాయి. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కదల్లేదు. మూడో విడతలో, పద్యం అడిగిన రెండో ఆయన దగ్గరకు వచ్చి పరాంకుశం గారు ఆగిపోయారు. కళ్లు మూసుకున్నారు, తెరిచారు. మొదటి రెండు పాదాలు మళ్లీ చెప్పుకున్నారు. మూడోది రాలేదు. మొదట్లో, నిజం చెబుతున్నాను, నాకు భలే సంతోషమేసింది. అనుభవించనీ అనుకున్నాను. కాసేపటికి ఆయన నుదుటి మీద చెమట కనిపించింది. డెబ్బై రెండేళ్ల మనిషి, ఒక్కసారి కూడా తప్పనివాడు. లేచి ఏదో ఒకటి అడుగుదామనుకున్నాను గానీ, పని లేదన్నాక ఎలా లేస్తాను?

సరిగ్గా అప్పుడు చంకలో కోడిపుంజుతో ఒక ముసలాయన గుమ్మంలోకి వచ్చాడు. సభ, పెద్దలు, మైకు, ఇవేవీ ఆయన కంటికి ఆనలేదు. వేదిక మీద బస్టాండు అమ్మాయి కనబడింది, అంతే చాలు.

"అమ్మాయ్, కందుకూరు బస్సు పోయిందా?"

మస్తాన్‌బీ తల కూడా ఎత్తకుండా, అలవాటు చొప్పున, "పోలా తాతా. అయిదున్నరకి, ఐదో నంబరు కాడ. పక్కన కనిగిరిది ఆగుద్ది, అది ఎక్కమాక," అనేసింది. అనేశాక తానెక్కడుందో గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. ముసలాయనకు ఇంకో సందేహం మిగిలింది. కోడికి టిక్కెట్టు కొడతారా అని అడిగాడు.

ఈసారి జవాబు పరాంకుశం గారి నుంచి వచ్చింది. "కూస్తే ప్రయాణికుడు, కూయకపోతే సామాను."

హాలు గొల్లుమంది. ఆ నవ్వు ఇంకా తగ్గకముందే ఆయన రెండో ఆయన వైపు తిరిగి మూడో పాదం చెప్పేశారు. ఇక ఆగలేదు. నాలుగో విడత వరదలా వచ్చింది. బస్సుకు ఇంకా వ్యవధి ఉందని ముసలాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కోడి కూడా బుద్ధిగా విన్నది. చివర ఆయన పద్యాలన్నీ ఒప్పగించి, గంటలు పదిహేడు అన్నారు.

అడ్డుపడే పని లేక నేనూ శ్రద్ధగా లెక్కపెట్టాను, పదహారే. పాత అలవాటు ఊరుకోనివ్వక లేచి తప్పన్నాను. మస్తాన్‌బీ గీతలు గీసుకున్న కాగితం పైకెత్తి చూపించింది. పదిహేడు గీతలు. "తాతకి ప్లాట్‌ఫారం నంబరు చెబుతా ఒకటి కొట్టాను బాబాయ్. మీరు కోడి వంక చూస్తన్నారు," అంది. ఆ గీతలు రాజీనామా వెనక గీసిందో, ప్రిన్సిపాలు అర్జీ వెనక గీసిందో నేను చూడలేదు. ఏదైనా ఇక ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదు.

సభ ముగిశాక ఆమె ముసలాయనను బస్సెక్కించి వస్తానని పరుగెత్తింది. ఇద్దరమే మిగిలినప్పుడు, నిజంగా మరిచిపోయారా, మాకు చూపించడానికి నటించారా అని ఆయన్ని అడిగాను. డబ్బా తీశారు. వక్కపొడి నానకముందే ఆ పిల్ల రొప్పుతూ తిరిగొచ్చింది. నాలుగో పాదం దొరికిందట, బస్సు మెట్టు దగ్గర, కోడిని పైకి అందిస్తుండగా. అక్కడికక్కడే చదివింది. గురువు గారు మళ్లీ చదవమన్నారు. ఆయన రెండోసారి చదివించుకుంటే అంతకుమించిన మెప్పు లేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ఆమె నవ్వు ఆపుకోలేకపోతోంది. "ఇట్టాంటి తాతలు కౌంటర్లో రోజుకి రెండొందల మంది వస్తారు గురువు గారూ," అంది. మొన్న ఏడుపు గొంతుతో చెప్పిన మాటే.

ఆయన ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, డబ్బా మూత బిగించారు.

"ఇరవై ఏళ్లుగా నాకు ఈ రాఘవులొక్కడే దిక్కు. నీకు రెండు వందల మందా తల్లీ," అన్నారు.