‘పెళ్ళివారి గొడుగు’లో చివరి పేజీ

ఈరంకి విస్సన్న గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని తగులుతుంది. నలభై ఏళ్ళు హాస్యం రాసి జనాన్ని నవ్వించిన మనిషి, ఇంటికొచ్చిన శిష్యుల్ని మాత్రం ఇలా ఏడిపించేవారు. హాస్యానికీ కరుణకూ తేడా ఏమిటని అడిగిన పాపానికి నేను ఒక పూటంతా ఆయన పెరట్లో చిక్కుడుపాదుకి పందిరి వేశాను. తేడా ఇప్పటికీ తెలీదు గానీ చిక్కుళ్ళు బాగా కాశాయి.

ఒక ఉదయం మేమిద్దరం అరుగు మీద కూర్చుని ఉండగా పోలిశెట్టి భద్రం వచ్చాడు. రైసుమిల్లులో గుమాస్తా, ముప్ఫై దాటినవాడు. చంకలో పదకొండు నెలలుగా రాస్తున్న నవల. ఆ కట్ట గురువుగారి ముందు పెట్టాడు.

"ఇంక నా వల్ల కాదండి. మూడొందల పేజీలయ్యాయి, ముగింపు మాత్రం తెగట్లేదు. ఇది మీ దగ్గరే ఉంచెయ్యండి. ఇంట్లో ఉంటే మళ్ళీ చెయ్యి లాగేద్దండి" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ, కట్టకి కట్టిన దారం మీంచి వేళ్ళు తియ్యలేకపోయాడు. నాకు జాలేసింది.

"మా అమ్మ దేవుడికి దణ్ణం పెట్టి పొయ్యి వెలిగిస్తుందండి. అన్నం ఉడుకుద్దని ఆవిడ నమ్మకం. నాకా, ఆయన మీదా నమ్మకం లేదు, చదివేవాళ్ళ మీదా లేదు. అసలు రాసేవాడికి అది ఎక్కణ్ణుంచి వస్తుందండి?"

విస్సన్న గారు తీరిగ్గా నశ్యం పట్టించి, "లైబ్రరీకెళ్ళి నా ‘పెళ్ళివారి గొడుగు’ పట్రా. అక్కడే కూర్చుని ఆఖరిదాకా చదివి మరీ పట్రా" అన్నారు.

పెళ్ళి సందట్లో పోయిన మామగారి గొడుగు కోసం అల్లుడు ఊళ్ళు పట్టుకు తిరిగే కథ అది. చివరికి గొడుగు దొరుకుతుంది, అల్లుడు దాన్ని విప్పబోతాడు. అంతే, ఆ తరవాతి పేజీ లేదు. ఎవరో చింపేశారు. అట్ట లోపలివైపు పెన్సిలుతో, ‘ఈ పేజీ చింపినవాడికి పుట్టగతులుండవు’ అని రాసి ఉంది. దాని కింద సిరాతో, ‘చింపింది నేనే. ఆ ముగింపు బాగాలేదు. మీకు తోచింది రాసుకోండి’ అని ఉంది. ఆ కోడిగీతల దస్తూరీ ఎవరిదో భద్రానికి వేరే చెప్పక్కర్లేదు. గురువుగారిదే.

ఇక ఆ కింద చోటు లేదు. ఒకావిడ గొడుగులోంచి తలంబ్రాలు రాల్పించింది. ఒకాయన గొడుగుని గాలికి ఎగరగొట్టి, అల్లుణ్ణి మళ్ళీ మొదటి ఊరికి తరిమాడు. ఇంకొకరైతే మామగారికి మతిమరుపు అంటగట్టి, అసలాయనకి గొడుగే లేదని తేల్చేశారు. అట్ట నిండిపోతే లైబ్రేరియన్ రత్నమాంబ గారు ఒక తెల్లకాగితం అతికించారు. అదీ ముప్పాతిక నిండింది.

భద్రం మధ్యాహ్నానికి తిరిగొచ్చి పుస్తకం అందించాడు.

"లైబ్రరీ పుస్తకం చింపటం తప్పు కదండి" అన్నాడు.

"తప్పే. రత్నమాంబ గారు నెల్లాళ్ళు నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు" అని విస్సన్న గారు కళ్ళజోడు పెట్టుకుని, అతికించిన కాగితం అడుగున చూశారు. అక్కడ పెన్సిలుతో కొత్తగా నాలుగు పంక్తులున్నాయి. అల్లుడు గొడుగు విప్పితే దానికన్నీ చిల్లులే. అయినా వదలకుండా మామగారి దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఆ చిల్లుల గొడుగు కిందే మామా అల్లుడూ తడుస్తూ ఇంటికి నడిచారు.

గురువుగారు పకపకా నవ్వారు. ఇంకొకరి రాతకి ఆయన అంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. చెప్పొద్దూ, నాకు కుళ్ళు పుట్టింది.

భద్రం తల దించుకుని, "ఏదో, కాస్త చోటుంటేనూ... ఆవిణ్ణి పెన్సిలడిగి..." అని నసిగాడు.

విస్సన్న గారు నవల కట్ట తీసి అతని ఒళ్ళో పెట్టారు.

"నమ్మకం లేదన్నావు. మరి ఈ నాలుగు పంక్తులూ ఎవరు చదువుతారని రాశావు?"