తోరణానికి కట్టిన మోకు

జల్లివాగుకు ఇవతల గుట్టలు, అవతల మేత. అడవిలో జంతువులు రోజూ వాగు దాటక తప్పదు. అందుకని మృగరాజు ప్రభుత్వం అక్కడొక రేవు పెట్టింది. వెదురు తెప్పను నాగులు అనే గేదె ఈదుతూ లాగేది. రేవు భద్రత చూసే అధికారి కోటయ్య అనే నక్క.

కోటయ్య తనిఖీ అంటే మాటలు కాదు. ముళ్లపంది ముళ్లు ఎత్తించేవాడు, కుందేలు చెవులు మడిచి వెతికేవాడు. వరదొస్తే ఏం చేయాలన్న కసరత్తు మాత్రం ఒక్కసారీ చేయించలేదు. "కసరత్తు జరిగింది, అందరూ క్షేమం" అని నెలనెలా దర్బారుకు రాసి పంపేవాడు.

ఆషాఢంలో ఒక ఉదయం రేవుల మంత్రి, ఏనుగు గజపతి వస్తున్నాడని కబురందింది. కోటయ్య హడావుడి పడ్డాడు. ఆపదలో విసరడానికని ఉంచిన పొడవాటి మోకు తీయించి, రెండు మద్దిచెట్ల మధ్య కట్టించి, మామిడాకుల తోరణం చేయించాడు. ఎగువ బండ మీద నిలబడి నీటి వరస కనిపెట్టే కొంగ సూరన్నను కిందికి పిలిచి, స్వాగతం చెప్పే వరుసలో నిలబెట్టాడు.

"అయ్యగారూ, కొండ మీద మబ్బు దిగింది. సూరన్నను బండ మీదికి పంపండి" అంది నాగులు.

"మంత్రిగారి ముందు వరుసలో ఖాళీ కనిపిస్తే నా పరువేం కాను? నీ పని లాగడం. లాగు!"

"మోకైనా ఇప్పించండి."

"తోరణం విప్పమంటావా? పో!"

తెప్ప నిండా లేళ్లు, వాటి పిల్లలు, ఒక కొండముచ్చు. నాగులు నీళ్లలో దిగబోతూ సూరన్న దగ్గర ఆగింది.

"తమ్ముడూ, నీళ్ల రంగు నాకు నచ్చలేదు."

"నాకూ నచ్చలేదక్కా. కానీ వరుస వదిలితే కొలువు పోతుంది. ఇంటిదేమో గుడ్ల మీద ఉంది."

నాగులు మెడకు తాడు తగిలించుకుని ఈదసాగింది.

తెప్ప నడివాగుకు చేరేసరికి గజపతి వచ్చాడు. కోటయ్య వంగి దండం పెట్టాడు. సూరన్న చూపు మాత్రం వాగు మీదే ఉంది. నీళ్లు ఎర్రబారాయి. నురగలో పచ్చి కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. సూరన్న మరుక్షణం రెక్కలు విప్పి ఎగువకు ఎగిరాడు.

"ఎక్కడికిరా!" అని అరిచాడు కోటయ్య.

జవాబు పైనుంచి వచ్చింది. "వరద! నిలువెత్తు వస్తోంది! అక్కా, వెనక్కి తిరుగు!"

నాగులు తిరిగేలోపే మొదటి అల తగిలింది. తెప్పలో ఒక వెదురు ఫెళ్లున విరిగింది. లేళ్లు కేకలు పెట్టాయి.

"మోకేదయ్యా?" అన్నాడు గజపతి.

కోటయ్య మద్దిచెట్టు చాటుకు జరిగాడు.

"తోరణం! తోరణం తెంపండి!" నడివాగులోంచి నాగులు అరిచింది.

గజపతి ఒక్క లాగు లాగి, ఆకులతో సహా మోకును విసిరాడు. అందలేదు. ఈలోగా ఒక లేడిపిల్ల నీళ్లలోకి జారింది. నాగులు తల వాల్చి దాన్ని కొమ్ముల మీద ఆపింది. రెండోసారి విసిరిన మోకును కొండముచ్చు అందుకుని వెదుళ్లకు చుట్టేసింది. గజపతి మోకాళ్లు బురదలో కూరుకుపోయేదాకా లాగి తెప్పను ఒడ్డుకు చేర్చాడు. సూరన్న కిందికి దిగొచ్చి తలలు లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు.

అప్పుడు కోటయ్యకు గొంతొచ్చింది. "చూశారుగా, మంత్రిగారూ! ఇదే మా కసరత్తు. మోకు అందుబాటులో ఉండాలనే తోరణంగా కట్టించాను. కొంగను ఎగరమన్నదీ నేనే."

గజపతి సగం నమ్మినట్టే కనిపించాడు. నాగులు రొప్పుతూనే ముందుకొచ్చింది.

"అయితే బాబుగారూ, వరద ఇంకా తగ్గలేదు, మోకూ ఇక్కడే ఉంది. కసరత్తు మళ్లీ చేసి చూపిస్తాం. లాగడానికి నేను సిద్ధం. ఈసారి అయ్యగారు తెప్ప ఎక్కాలి."

"ఎక్కు, కోటయ్యా" అన్నాడు గజపతి.

కోటయ్య ఒక కాలు తెప్ప మీద పెట్టాడు. విరిగిన వెదురు కింద నీళ్లు సుడి తిరుగుతున్నాయి. కాలు వెనక్కి తీసుకుని బురదలో కూలబడ్డాడు.

"కసరత్తూ లేదు, ఏర్పాటూ లేదు. ఎన్నడూ చేయించలేదు. నన్ను ఎక్కించకండి దొరా!"

వరుస వదిలిన సూరన్న కొలువు నిలిచింది. కోటయ్యది ఆ ఒడ్డు మీదే పోయింది.

నీతి: సిద్ధంగా ఉన్నామని రాసి పంపితే రాజు నమ్ముతాడేమో గానీ, వరద నమ్మదు.