రాజుగారి వయసు తగ్గిన వేసవి

ఒకానొక రాజ్యాన్ని భూరివిక్రముడనే రాజు ఏలుతుండేవాడు. రాజ్యం పేరు చెప్పడం లేదు. చెబితే అక్కడి జనం ఇప్పటికీ సిగ్గుపడతారు. సిగ్గుపడవలసింది వాళ్ళు కాదు గాని, రాజులకు ఆ అలవాటు లేదు కనక ఆ పని కూడా ప్రజలే చేసిపెట్టాలి.

భూరివిక్రముడు మంచివాడు. తిండి దగ్గర మరీ మంచివాడు. వడ్డించినదేదీ కాదనడం ఎరగడు. పొద్దున నేతి బూరెలు, మధ్యాహ్నం పులిహోర, దాని మీద పరమాన్నం, సాయంత్రం పాలకోవా. మేడ మెట్లు ఎక్కుతూ సగంలో ఆగి, "ఆహా, ఈ స్తంభం మీద శిల్పం చూశారా!" అనేవాడు. ఆయనకు ఆయాసం తీరేదాకా మంత్రులు కూడా ఆ శిల్పాన్ని మెచ్చుకునేవారు. నిజానికి ఆ స్తంభం నున్నగా ఉండేది.

యాభై అయిదో ఏట ఒకనాడు ఆయన అద్దంలో చూసుకుంటే మీసం సగానికి పైగా తెల్లబడి కనిపించింది. అద్దం మార్పించాడు. కొత్త అద్దం కూడా అదే మాట చెప్పింది.

సరిగ్గా ఆ వారంలోనే విరూపాక్షభట్టు అనే వైద్యుడు ఆస్థానానికి వచ్చాడు. ఎక్కడినుంచి వచ్చాడో ఎవరూ అడగలేదు. శాలువా బాగుంది, శిష్యులు పెద్దగా జయజయధ్వానాలు చేశారు, సభకు అంతకంటే ఏం కావాలి?

"మహారాజా, ముసలితనం కూడా ఒక జబ్బే. నా పథ్యం పాటించండి. నెలకు అయిదేళ్ళ చొప్పున వయసు వెనక్కి తీస్తాను" అన్నాడు భట్టు.

పథ్యం ఏమిటంటే, తెల్లవారగానే కాకరకాయ రసం. తరవాత ఉప్పు లేని యవల జావ. ఆ తరవాత ఉడికించిన సొరకాయ. రాత్రికి మార్పు ఉండాలి కనక, మళ్ళీ సొరకాయ. నూనె, కారం, పులుపు కంటితో కూడా చూడకూడదు.

కార్తీకంలో మొదలుపెట్టాడు రాజు. నిజం చెప్పుకోవాలి, మేలే జరిగింది. పొట్ట తగ్గింది. మెట్లు ఆగకుండా ఎక్కాడు. స్తంభం మీది శిల్పాన్ని మరిచేపోయాడు.

అక్కడితో ఆగితే అందరూ సుఖంగా ఉండేవారు. కాని నెల తిరగగానే ఊరంతా దండోరా వేయించాడు. "మహారాజుగారికి నేటినుంచి యాభై ఏళ్ళహో!" మరుసటి నెల నలభై అయిదన్నారు. ఆ మరుసటి నెల నలభై అన్నారు. సభలో మంత్రులు ఒకరిని మించి ఒకరు, "ప్రభూ, నలభై కూడా ఎక్కువే కనబడుతున్నాయి" అని బాధపడ్డారు.

ఇక రాజుకు ఇంకో ఆలోచన వచ్చింది. తాను కుర్రవాడై ప్రజలు ముసలివాళ్ళుగా ఉంటే రాజ్యానికి శోభ కాదు. కనక రాజ్యమంతా అదే పథ్యం తినాలి. తప్పినవాళ్ళను పొలిమేర దాటిస్తారు.

ప్రజలు పథ్యం తిన్నారు. తిన్నట్టు కనబడ్డారు. మహామంత్రిగారైతే ఊరగాయ జాడీని పూజగదిలో దాచి, మునుపటికంటే రెండింతల సేపు పూజ చేసుకుంటున్నారు. ఆయన భక్తికి భార్యే ఆశ్చర్యపోయింది.

వైశాఖం వచ్చింది. మామిడికాయ పీచు కట్టి, టెంక గట్టిపడి, ఆవకాయకు సిద్ధమయ్యే రోజులు అవి. నాలుగు ఎండలు దాటితే కాయ మెత్తబడుతుంది. ఆలోపు పెట్టకపోతే మళ్ళీ ఏడాది దాకా పెట్టలేరు.

మామిళ్ళపాడులో సూరమ్మ అనే ఆవిడ ఉండేది. ఊరందరికీ ఆవకాయ కలిపేది ఆవిడే. ఊళ్ళో ఎవరి జాడీలో ఏముందో, ఎవరి కోడలు ఎన్ని ముక్కలు పుట్టింటికి పంపిందో ఆవిడకే తెలుసు. అందుకని ఊరు ఆవిడను గౌరవించేది, భయపడేది కూడా. ఆవిడ కత్తిపీట ముందు కూచుని, పక్కన ఆవపిండి, కారం, నువ్వులనూనె పెట్టుకుని కాయలు కొడుతుండగా భటులు వచ్చి పట్టుకున్నారు. కాయలన్నీ బళ్ళకెత్తి కోటకు తోలుకుపోయారు. విచారణ మూడో నాడు, అమావాస్య మరునాడు. శిక్ష అందరికీ తెలిసిందే. డెబ్బయ్యేళ్ళ మనిషి, పుట్టిన ఊరు విడిచి పోవాలి.

మామిళ్ళపాడు పెద్దలు తలపాగాలు చుట్టుకుని, ఆస్థానంలో ఉన్న పేరిశాస్త్రి దగ్గరకు వెళ్ళారు. పేరిశాస్త్రి నలభై దాటిన మనిషి. ఆస్థానంలో ఆయన ఉద్యోగం ఏమిటో ఎవరికీ తెలియదు గాని, ఎవరికి ఇరకాటం వచ్చినా ఆయన ఇంటికే వెళ్ళేవారు.

"శాస్త్రిగారూ, సూరమ్మను మీరే కాపాడాలి" అన్నారు పెద్దలు.

"కాపాడతాను. మీరందరూ ఆవిడ ఆవకాయ తిన్నవాళ్ళేగా? సభకు వచ్చి ఆ మాట చెప్పండి."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరికి పొలంలో పనుంది. ఒకరికి మోకాలు నొప్పి. ఇంకొకరికి అసలు ఆవకాయ అంటే ఏమిటో గుర్తుకు రాలేదు.

"సరే, నేనే వెడతాను" అని శాస్త్రి లేచి, రాజమాత అక్కమాంబ దగ్గరకు వెళ్ళాడు. ఆమెతో ఏం మాట్లాడాడో దాసీలకు కూడా తెలియలేదు. అంటే అది నిజంగానే రహస్యమన్నమాట.

విచారణ రోజు వచ్చింది. ఆ పొద్దుటే దండోరా వేశారు. "మహారాజుగారికి నేటినుంచి ఇరవై ఏళ్ళహో!" సభ కిక్కిరిసింది. భూరివిక్రముడు మీసాలకు నల్లరంగు పులిమించుకుని సింహాసనం మీద కూచున్నాడు. పక్కన విరూపాక్షభట్టు చిరునవ్వుతో నిలబడ్డాడు. తెర వెనక మహారాణి చెన్నాంబ ఉంది. కుడివైపు యువరాజు మల్లదేవుడు కూచున్నాడు. అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. అతను తండ్రి చెప్పిన పథ్యం తిని నీరసంగా ఉన్నాడు.

సూరమ్మను తీసుకొచ్చారు.

"ఏమమ్మా, ఆవకాయ పెడుతున్నావట?" అన్నాడు రాజు.

"పెట్టనియ్యలేదు గదా బాబయ్యా, మీ భటులు. ముక్కలు కొడుతుంటేనే పట్టుకొచ్చారు. కాయ పండిపోయాక కలిపితే అది ఆవకాయ అవుద్దా, పాయసం అవుద్దా?"

"అసలు ఎందుకు కలపాలి? సొరకాయ లేదూ?"

"ఉంది బాబయ్యా. పొద్దున్నించి నాగలి పట్టినోడికి జావ పోసి సొరకాయ ముక్క పెడితే, సాయంత్రానికి ఎద్దులే వాణ్ణి ఇంటికి తోలుకొస్తన్నాయి."

సభలో ఎవరో నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. రాజు కళ్ళెర్రజేశాడు. "ఈ పథ్యం తినే కదా నేను ముప్పయ్ అయిదేళ్ళు పోగొట్టుకున్నాను! పేరిశాస్త్రీ, ఈవిడ తరఫున నువ్వు మాట్లాడతావట. నా వయసు తగ్గలేదని అంటావా?"

తగ్గలేదంటే రాజధిక్కారం. తగ్గిందంటే సూరమ్మ పొలిమేర దాటడమే.

"తగ్గింది ప్రభూ. నేను నమ్ముతున్నాను" అన్నాడు శాస్త్రి చేతులు కట్టుకుని.

భట్టు ఇంకా వెడల్పుగా నవ్వాడు. సూరమ్మ, "ఇందుకా ఇంత దూరం వచ్చావు నాయనా" అని గొణిగింది.

"అయితే ఒక్క మనవి. దండోరా వేసేవాడు తప్పు పలకవచ్చు. తమరి నోటితో సభకు సెలవివ్వండి. తమరికిప్పుడు ఇరవై ఏళ్ళేనా?"

"ఇరవయ్యే! అంతకంటే ఒక్కరోజు ఎక్కువ అన్నవాడు నా రాజ్యంలో ఉండడు" అన్నాడు భూరివిక్రముడు.

పేరిశాస్త్రి కట్టుకున్న చేతులు విప్పాడు. ఉత్తరీయం సర్దుకుని రెండు మెట్లు ఎక్కాడు.

"అలాగయితే బాబూ, ఆ సింహాసనం మీదనుంచి కాస్త లేస్తావా?"

భట్టు నవ్వు సగంలో ఆగింది.

"ఎవడ్రా బాబు?" అన్నాడు రాజు.

"ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి నలభై దాటినవాడు ఇంకేమని పిలుస్తాడు నాయనా? పెద్దవాళ్ళు నిలబడి ఉంటే చిన్నవాళ్ళు కాలుమీద కాలేసుకుని కూచోవడం మన దేశంలో లేదు. అదుగో, నీ కంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడు మల్లదేవుడు కింద కూచున్నాడు. ముందు వెళ్ళి ఆయనకు నమస్కారం పెట్టు."

యువరాజు కంగారుపడి లేచాడు. "నాన్నగారూ..." అని ఆగి, "శాస్త్రిగారూ, ఇప్పుడు నేను ఏమని పిలవాలి?" అన్నాడు.

"తమ్ముడూ అనండి. ఇంట్లోవాళ్ళేగా."

రాజు పళ్ళు కొరికాడు. "శాస్త్రీ, నేను పట్టాభిషేకం అయిన రాజును!"

"ఎప్పుడైంది నాయనా? భూరివిక్రమ మహారాజుకు పట్టాభిషేకం జరిగింది ఇరవై అయిదో ఏట. ఆ పండగలో లడ్డూలు తిన్నవాళ్ళు ఈ సభలో ఇంకా ఉన్నారు. దానికి నీకింకా అయిదేళ్ళుంది. అప్పటిదాకా రాజ్యం ఎవరు ఏలారు?"

"మా అమ్మ" అన్నాడు రాజు, నోరు జారి.

తలుపు దగ్గర చేతికర్ర చప్పుడు వినిపించింది. రాజమాత అక్కమాంబ నడిచి వస్తోంది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఎవరి చేయీ పట్టుకోలేదు. సభంతా లేచి నిలబడింది. అలవాటు కొద్దీ భూరివిక్రముడు కూడా లేచాడు. లేచాక గాని లేచానని తెలియలేదు. అప్పటికే ఆమె సింహాసనం మీద కూచుంది.

తెర వెనకనుంచి మహారాణి గొంతు వినిపించింది. "శాస్త్రిగారూ, నాదొక సందేహం. మా పెళ్ళి పట్టాభిషేకం అయిన ఏడాది జరిగింది."

"అంటే ఇంకా జరగలేదన్నమాట తల్లీ."

"మరి ఈ అబ్బాయి రేపటినుంచి అంతఃపురంలోకి ఎలా వస్తాడు? నలుగురూ ఏమనుకుంటారు?"

ఆమె గొంతులో విచారం ఎంతుందో తెరకే తెలియాలి. ఏడు నెలలుగా ఆమె కూడా సొరకాయే తింటోంది.

రాజు అటు చూశాడు, ఇటు చూశాడు. మంత్రులందరూ పైకప్పు వైపు చూస్తున్నారు. అక్కడ శిల్పాలు నిజంగానే ఉన్నాయి.

"ప్రభూ, తొందరపడకండి" అన్నాడు భట్టు మెల్లగా. "ఇంకొక్క నెల పథ్యం చేస్తే..."

"ఇంకొక్క నెల చేస్తే పదిహేను! ఆ పై నెల పది! తరవాత నన్ను ఉయ్యాల్లో వేసి ఊపుతావా? నోర్ముయ్!" అని అరిచి, రాజు సభ వైపు తిరిగాడు. "నాకు యాభై అయిదు! వింటున్నారా? కార్తీకంతో యాభై అయిదు నిండాయి! ఎవరైనా తక్కువంటే ఊరుకోను!"

"నిండాయి ప్రభూ, నిండాయి" అన్నారు మంత్రులందరూ ఒక్కసారి.

రాజమాత నవ్వి లేచింది. "రా నాయనా, కూచో. నీ సింహాసనం నాకెందుకు, వెన్ను ఆనదు."

పేరిశాస్త్రి మళ్ళీ చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, మన్నించాలి. వయసు తగ్గుతుందనే కదా తమరు పథ్యం శాసించారు? అది తగ్గలేదని తమరే సెలవిచ్చారు. మరి సూరమ్మ చేసిన తప్పేమిటి?"

రాజు మీసం దువ్వుకున్నాడు. వేళ్ళకు నల్లరంగు అంటింది. ఆ వేళ్ళ వంక కాసేపు చూసి, ఫక్కున నవ్వాడు. ఆయన నవ్వాడు కనక నవ్వవచ్చని సభకు తెలిసింది.

"ఏమీ లేదు. సూరమ్మను వదిలేయండి. శాసనం రద్దు" అన్నాడు. "ఈ భట్టును మాత్రం పొలిమేర దాటించండి."

"వద్దు ప్రభూ" అన్నాడు శాస్త్రి. "పుట్టినరోజుల జోలికి పోకపోతే ఆయన మంచి వైద్యుడే. తమరి ఆయాసం తగ్గించిన మాట నిజం. ఆ జావ తమరికి అవసరం. యువరాజుకు అక్కర్లేదు, నాగలి పట్టేవాడికి అసలే చాలదు. ఎదుటి మనిషినీ, వాడి పనినీ చూసి పథ్యం చెప్పమనండి. రోగం రాకుండా చూసే పనికి ఉంచుకోండి. వయసు పని కాలానికి వదిలేయండి."

భట్టు తల ఆడించాడు. అంత త్వరగా ఆయన ఏ విషయానికీ ఒప్పుకుని ఉండడు.

"అమ్మా, నువ్వు ఏం తిని ఇలా ఉన్నావు?" అన్నాడు రాజు.

"అన్నీ తిన్నాను. ఇంకో రెండు ముద్దలు పడతాయనగా లేచాను. పొద్దుగూకకముందే చెయ్యి కడుక్కున్నాను. నువ్వు మేనాలో తిరిగిన చోటికల్లా నేను నడిచాను. చిన్నప్పటినుంచీ నీకు చెబుతూనే ఉన్నాను. ఉచితంగా చెప్పాను కనక నీ చెవికి ఎక్కలేదు."

సూరమ్మ మాత్రం ఇంకా కదల్లేదు. "అంతా బాగానే ఉంది బాబయ్యా. మరి నా కాయలో? ఇవాళ ముక్క కొట్టకపోతే రేపటికి పనికిరావు."

కాయలు కోట గాదెలో ఉన్నాయి. మామిళ్ళపాడు తీసుకువెళ్ళేసరికి మెత్తబడిపోతాయి. రాజు ఆలోచించి, కత్తిపీటలు తెప్పించమన్నాడు. కోట ముంగిట్లో చాపలు పరిచారు. సేనాధిపతి ముక్కలు కొట్టాడు. ఏ ముక్కకూ టెంక సరిగా నిలవలేదని సూరమ్మ ఆయన్ను చివాట్లు పెట్టింది. మహామంత్రి ఆవపిండి పాళ్ళు ఎంత చక్కగా చెప్పాడంటే, పూజగదిలో ఏం జరుగుతోందో ఆయన భార్యకు అప్పుడు అర్థమైంది. కలపడం సూరమ్మదే. మొదటి ముద్ద రాజమాత తిన్నది, రెండోది రాజు తిన్నాడు. మూడో ముద్దకు చెయ్యి చాచి, తల్లి వంక చూసి, వెనక్కి తీసుకున్నాడు.

జాడీలన్నీ బళ్ళమీద మామిళ్ళపాడు బయలుదేరాయి. పైన సూరమ్మ కూచుంది. ఊరి పెద్దలు పొలిమేర దాకా ఎదురొచ్చి, ఆవిడను విడిపించింది తామేనని ఆవిడకే చెప్పారట.

బళ్ళు కదిలాక రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి పేరిశాస్త్రి మెడలో వేశాడు. కోట పక్కనున్న మామిడితోట కూడా రాసిచ్చాడు. తరవాత ఎవరికీ వినబడకుండా వంగి, "శాస్త్రీ, నిజం చెప్పు. చూడడానికి నాకు ఎన్నేళ్ళుంటాయి?" అన్నాడు.

"ఇందాక నవ్వారే, అప్పుడు నాకంటే చిన్నవారిలా కనిపించారు ప్రభూ. దయచేసి దండోరా మాత్రం వేయించకండి."

భూరివిక్రముడు ఈసారి ఆయాసం వచ్చేదాకా నవ్వాడు.