పేర్రాజు కూతురి టాన్సిల్స్

తెలివంటే తమ ఇంట్లోనే పుట్టిందని పేర్రాజుకి గట్టి నమ్మకం. మరి కాదా? గొడుగు తడిస్తే పాడవుతుందని, దాన్ని చొక్కాలో దాచుకుని వానలో నడిచే వంశం వాళ్ళది.

అలాంటి ఇంట్లో ఆరేళ్ళ నాగమణికి టాన్సిల్స్ వాచాయి. పిల్ల పెరుగన్నం కూడా మింగలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే పేర్రాజు ప్రాణం గిలగిల్లాడింది. ఎత్తుకుని పట్నంలో డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"ఆపరేషన్ చెయ్యాలండీ. కత్తితో కోసి తీస్తే రక్తం కాస్త ఎక్కువ పోతుంది. కరెంటు వేడితో తీస్తే రక్తం తక్కువే గానీ, తర్వాత నొప్పి ఎక్కువ. ఇంటికెళ్ళి రెండూ పోల్చి చూసుకుని రేపు చెప్పండి" అందావిడ.

పోల్చి చూడమంది కదా! ఇంకేముంది, టాన్సిల్స్‌కి బదులుగా దారిలోనే రెండు రేగుపళ్ళు కొన్నాడు. ఇంటికి రాగానే పెళ్ళాం సుబ్బాయమ్మ ఒకదాన్ని కత్తిపీట మీద కోసింది. రెండోదానికి కాలిన అట్లకాడ అంటించింది. దేనికీ రక్తం రాలేదు.

"నొప్పి దేనికెక్కువో అడగవే" అన్నాడు పేర్రాజు.

సుబ్బాయమ్మ వంగి మర్యాదగానే అడిగింది. రెండూ పలకలేదు.

"నోట్లో ఉండాల్సినవి పళ్ళెంలో ఉంటే ఎలా పలుకుతాయిరా? ఇలా తే!" అని పేర్రాజు తండ్రి గవర్రాజు చెరో బుగ్గన ఒకటి పెట్టుకున్నాడు. ముసలాయనకి రేగుపళ్ళంటే ప్రాణం. అంతే, రెండూ గుటుక్కున మింగేశాడు.

"అయ్యో, మామయ్యగారు టాన్సిల్స్ మింగేశారు!" అని సుబ్బాయమ్మ గుండెలు బాదుకుంది.

"నొప్పీ లేదు, రక్తమూ లేదర్రా. అన్నిటికన్నా మింగడమే మేలు" అన్నాడాయన తృప్తిగా.

పేర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. "తల్లీ, నీ టాన్సిల్స్ నువ్వే మింగెయ్యమ్మా!"

పాపం, నాగమణి కళ్ళు గట్టిగా మూసుకుని గుటకలు వేసింది. చివరికి భోరుమంది. "అవి మింగగలిగితే పెరుగన్నమే మింగేదాన్ని కదా నాన్నా!"

ఆ మాటకి పేర్రాజు కూడా ఏడ్చేశాడు. ఆ రాత్రంతా కూతురి పక్కనే కూర్చుని ఆలోచించి, తెల్లారగానే డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు.

"కుడిపక్కది కత్తితో తియ్యండమ్మా. ఎడమపక్కది కరెంటుతో తియ్యండి."

"అదేంటండీ, చెరో రకంగానా?"

"ఏది సుఖమో మా పిల్లే చెబుతుంది కదండీ. నా బిడ్డకి తక్కువ రకం వైద్యం చేయిస్తానా? అది తేలిపోయాక, ఆ మంచి పద్ధతిలోనే రెండూ మళ్ళీ తీద్దురుగాని!"