ఎనిమిది వరహాల శాసనం

మణిమేడు రాజ్యం ఎక్కడుందని అడిగితే చూపించలేను గానీ, అక్కడి రాళ్ళు అబద్ధం చెప్పవని మాత్రం ఛాతీ విరుచుకుని చెప్పగలను. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. రాజుగారు వేయించే ఏ శాసనానికైనా చివరి పంక్తిలో చెక్కినవాడి పేరు, అతనికి ముట్టిన కూలి రాయాలి. ఆ పంక్తి లేనిదే శాసనం చెల్లదు.

ఆ దేశాన్ని ఏలే ప్రచండరాయలు మంచివాడే, కాకపోతే గొప్పలకు పోయే మనిషి. తాతగారు యుద్ధాల కోసం సముద్రం అవతలి వర్తకుల దగ్గర చేసిన అప్పు ఆయనకు కంట్లో నలుసులా ఉండేది. ఒకనాడు నిండుసభలో మీసం దువ్వి, "ఈ ఏడాదితో మన దేశంలో అప్పన్న మాటే వినపడకూడదు!" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. బొక్కసం ఊడ్చాడు. అది చాలక ఇంటింటికీ భటులను పంపి, ఉన్న నాణేలన్నీ పన్ను కింద రాబట్టి ఓడలకెక్కించాడు. "నాణేలు పోసేవాళ్ళుంటేనే కదా మళ్ళీ అప్పు చేయాలని బుద్ధి పుట్టేది" అని టంకసాలకు తాళం కూడా వేయించాడు.

ఆ తర్వాత, శాసనాలు రాసే ఆస్థానోద్యోగి బొప్పనను పిలిపించాడు.

"బొప్పనా! భూమ్మీద ఋణం లేని ఏకైక రాజునని నిలువెత్తు రాతిమీద వేయించు. పౌర్ణమినాడు పొరుగు దేశాల దూతలొస్తారు. నేనే స్వయంగా చదువుతాను."

బొప్పన రాశాడు, శిల్పి మాచోజు చెక్కాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ఇక చివరి పంక్తే మిగిలింది. మాచోజు కూలి ఎనిమిది వరహాలు. బొప్పన బొక్కసానికి వెళ్తే కోశాధికారి ఖాళీ బిందె బోర్లించి చూపించాడు.

సంగతి విని రాజు విసుక్కున్నాడు. "ముట్టిందని చెక్కమను. తర్వాత చూద్దాం. కాదంటే ఉలి లాక్కుని పొలిమేర దాటిస్తానని చెప్పు."

ఆ మాట చెవిన పడగానే మాచోజు ఉలి తీసి బొప్పన పాదాల దగ్గర పెట్టాడు.

"తీసుకుపోండి బొప్పనయ్యా. మా ఇంట ఆరు తరాలుగా రాతిమీద అబద్ధం చెక్కినవాడు లేడు. కూలి ఎగ్గొట్టినా ఓర్చుకుంటాను గానీ, ముట్టనిది ముట్టిందని చెక్కను."

బొప్పనకు గుండె ఉప్పొంగింది. ఇలాంటివాడు పుట్టిన గడ్డమీద తానూ పుట్టినందుకు గర్వం కలిగింది. ఉలి తీసి మళ్ళీ అతని చేతిలో పెట్టాడు. "అయితే నిజమే చెక్కు. మాట పడాల్సి వస్తే నేను పడతాను" అన్నాడు.

పౌర్ణమి వచ్చింది. దూతలు కూర్చున్నారు, జనం మూగారు. రాజు పట్టుతెర లాగి, గొంతు సవరించుకుని, ఒక్కో బిరుదూ సాగదీస్తూ చదివాడు. అదే ఊపులో చివరి పంక్తీ చదివేశాడు.

"చెక్కినవాడు మాచోజు. ఇతనికి రాజుగారు ఎనిమిది వరహాలు బాకీ."

ఒక దూతకు దగ్గొచ్చింది. రాజు ముఖం కందగడ్డ అయింది.

"బొప్పనా! ఇంతమందిలో నన్ను బాకీదారుణ్ణి చేస్తావా?"

"ఇప్పుడే ఇచ్చేయండి ప్రభూ, ఈ క్షణమే చెరిపిస్తాను."

రాజు మంత్రి వంక చూశాడు. మంత్రి నడుము తడుముకుని తల దించుకున్నాడు. చివరికి రాజు వేలి ఉంగరం తీసి మాచోజు ముందు పడేశాడు.

మాచోజు దాన్ని కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చాడు. "ఇది ఇరవై వరహాలు చేస్తుంది దొరా. మిగతా పన్నెండు మీకివ్వడానికి నా దగ్గర నాణెం లేదు. పుచ్చుకుంటే నేను మీకు బాకీ పడతాను."

అప్పుడు బొప్పన జనం వైపు తిరిగాడు. "అయ్యలారా, అమ్మలారా! మీలో ఎవరికీ బాకీ లేనివాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. నేతగాడు నూలు కొట్టుకు బాకీ, కొట్టువాడు బండివాడికి బాకీ, బండివాడు ఎద్దుల మేతకు బాకీ. మేత అమ్మేవాడు బట్టలు అరువు తెచ్చింది ఆ నేతగాడి దగ్గరే. నలుగురి మధ్యా ఒక్క వరహా తిరిగితే నాలుగు బాకీలూ తీరేవి.

"ప్రభూ, తాతగారి అప్పు తీర్చారు, సంతోషం. కానీ దాంతోపాటు సంతలో తిరిగే నాణేన్నీ పంపేశారు, కొత్తది పుట్టే చోటా మూసేశారు. మీ ఒక్కరి అప్పూ ఇప్పుడు మా అందరికీ తలా ఇంత వచ్చింది" అన్నాడు బొప్పన.

రాజు ఆ చివరి పంక్తిని మరోసారి చదువుకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"టంకసాల తాళం తీయండి! నా బంగారు అంబారీ కరిగించి వరహాలు పోయండి. నేను గుర్రమెక్కి ఊరేగుతాను. మొదటి ఎనిమిదీ మాచోజుకు, తర్వాతి నూటపదహార్లూ బొప్పనకు!"

నాణేలు వచ్చిన రోజు మాచోజు ఆ పంక్తి చెరపడానికి ఉలి పట్టాడు. రాజే అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ. కింద ఇంకో పంక్తి చెక్కు."

ఇప్పటికీ మణిమేడు వాళ్ళు ఆ శాసనం చూపించేటప్పుడు రాజుగారి బిరుదులు చదవరు. కొత్తవాళ్ళను సరాసరి అడుగుకు తీసుకెళ్ళి, "బాకీ" అన్న పంక్తినీ, దాని కింద "ముట్టింది, మాచోజు" అన్న పంక్తినీ వేలితో తడిమి చూడమంటారు.