బోయీల గాదె

అనగనగా ఒక రాజ్యంలో, భుజం అరిగిపోయిన పల్లకీ బోయీలకు బతికినన్నాళ్లూ తిండి పెట్టేందుకు రాజుగారు వేరే గాదె కట్టించారు.

కొఠారు అధికారి భైరవయ్య అందులోని ముప్పాతిక ధాన్యాన్ని విందులకు మళ్లించాడు. "మిగిలింది విత్తనానికిస్తే ఏటా రెండింతలవుతుంది మహారాజా! ఇప్పుడు మోస్తున్న బోయీలు ముసలాళ్లయ్యేసరికి గాదె దానంతటదే నిండుతుంది" అన్నాడు. రాజుగారు తలూపారు. తలూపడానికి లెక్కలు రానక్కర్లేదుగా!

బోయీ అప్పలసూరి భుజం కాయకు రోజూ ఆముదం రాసే పెళ్లాం గవరమ్మకు ఈ మాట తెలిసింది. తిన్నగా కొలువుకెళ్లింది.

"మహారాజా, భైరవయ్య బాబుగారి ముసలితనానికి దాచిన గాదె నిండుగా ఉందట. అది మాకిప్పించండి. ఏటా రెండింతలయ్యే మా గాదె ఆయనకిచ్చేస్తాం. పాపం, ఇంత ఆలోచించినందుకు ఆ లాభమేదో ఆయనకే దక్కాలి."

భైరవయ్య ముఖం పాలిపోయింది. "అదెలా కుదురుతుందే! వానలు పడకపోతే నేనేం తినాలి?"

"మరి మా ఆయనేం తినాలి బాబూ?"

రాజుగారు పకపకా నవ్వారు. "బాగా అడిగావు తల్లీ! భైరవయ్యా, ఇకనుంచి నీ తిండీ బోయీల గాదెలోంచే. ఎంత నింపుతావో నీ ఇష్టం."

ఆ సాయంత్రమే భైరవయ్య, వానల్లేని ఏళ్లన్నీ లెక్కగట్టి మరీ, గాదెను అంచుదాకా నింపించాడు.